మొగిలేరు కూర్చున్న రోజు

ఒకానొక రాజ్యం అనడానికి కూడా మొదట్లో నల్లకోటకి అర్హత లేదు. అప్పట్లో అదొక కొండ, దాని మీద రాళ్ళు పేర్చిన గోడ, గోడ లోపల కొన్ని కొలుములు. ఆ కొండలో ఇనపరాయి దొరికేది. అక్కడివాళ్ళు దాన్ని కరిగించి, కొడవళ్ళూ గునపాలూ చేసి, కింది ఊళ్ళలో ధాన్యానికి మార్చుకుని బతికేవారు. పల్లంలో పొన్నవరం, మొగిలేరు, ఏటిరేవు అని మూడు పేరున్న రాజ్యాలుండేవి. వాటి కొలువుల్లో నల్లకోట మాట వస్తే, ఆ మసిమొహాలవాళ్ళా అని నవ్వుకునేవారు.

కొన్నేళ్ళకి ఆ మసిమొహాలవాళ్ళు కొడవళ్ళు మానేసి కత్తులు చేయసాగారు. మొదట వర్తకుల బిడారులకి కాపలా వెళ్ళారు. తరవాత కాపలా కాసిన దారుల మీద సుంకం అడిగారు. ఆ పైన దారి పక్క ఊళ్ళన్నీ తమవే అన్నారు. పల్లంలోని ముగ్గురు రాజులూ కలిసి అప్పుడే కదిలి ఉంటే ఆ కొండ మీద మళ్ళీ పొగ లేచేది కాదు. కాని కొండవాళ్ళు పొన్నవరం మీదికి పోతారులే అని మొగిలేరు, మొగిలేరు మీదికి పోతారులే అని ఏటిరేవు ఊరుకున్నాయి. ఊరుకోవడమే కాదు, ఒకరి మీద కోపంతో ఒకరు ఆ కొండవాళ్ళ దగ్గరే కత్తులు కొన్నారు.

నల్లకోట గద్దె మీదికి సింగన అనేవాడు వచ్చేసరికి ఆ కోటకి ఏనుగులున్నాయి, గుర్రాలున్నాయి, ఎదురు చెప్పేవాడు మాత్రం లేడు. సింగన తన పేరు సమరాంకుశ మహారాజని మార్చుకున్నాడు. ఒక్కో ఊరు గెలిచినప్పుడల్లా ఒక్కో బిరుదు తగిలించుకున్నాడు. పొద్దున కొలువు తీరగానే ఆ బిరుదులన్నీ చదివేవారు. చదువు ముగిసేదాకా అందరూ లేచి నిలబడి ఉండాలి. తల తిరిగి పడిపోయిన ముసలివాళ్ళని పక్కకి లాగి చదువు సాగించేవారు.

ఆ బిరుదులన్నిటిలోనూ మహారాజుకి ప్రాణం లాంటిది ఒకటుంది: ఆడి తప్పనివాడు. ఒకసారి వేటలో, పొద నుంచి ముందు బయటికి వచ్చిన ప్రాణి ఏదైనా సరే కొట్టి తీరతానని అందరి ముందూ అన్నాడు. బయటికి వచ్చింది సొంత మేనల్లుడు. మహారాజు మాట దక్కించుకున్నాడు. మర్నాడు కొలువులో ఆ బిరుదుని రెండుసార్లు చదివించుకున్నాడు. ఆ రాజుగారి చెల్లెలు మళ్ళీ ఎవరితోనూ మాట్లాడలేదంటారు.

ఈ కథ బాచయది. బాచయ పొన్నవరంవాడు, అక్కడి రాజుకి విదూషకుడు. పొన్నవరం పడిపోయిన నాడు కొలువులోనివాళ్ళందరినీ వరసగా నిలబెట్టి ఎవరెవరు ఏం పని చేసేవారో అడిగారు. మంత్రుల తలలు తీయించారు, వంటవాళ్ళని ఉంచుకున్నారు. బాచయ వంతు వచ్చినప్పుడు అతను, "మా రాజుని నవ్వించేవాణ్ణి. ఈ ఉదయం నుంచి తీరిక దొరికింది," అన్నాడు. సమరాంకుశుడు పకపకా నవ్వాడు. అలా బాచయ బతికిపోయాడు. అతని భార్య ఆ ఉదయమే కోట లోపల మంటల్లో పోయిందన్న సంగతి ఆ కొత్త రాజు అడగలేదు, ఇతను చెప్పలేదు.

అప్పటినుంచి బాచయ నల్లకోట కొలువులో ఉన్నాడు. తిండికి లోటు లేదు. రోజుకొక మాట అనాలి, రాజు నవ్వాలి. నవ్విన రోజు రాత్రి కంటికి కునుకు పట్టేది కాదు. నవ్వని రోజు భయంతో పట్టేది కాదు. ఈ లోకంలో అతనికి మిగిలింది ఒక్క అక్క. పేరు కామసాని. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే. మొగిలేరు కోటవాకిలి కాపలా చూసే పోతినాయకుడికిచ్చి ఆవిడ పెళ్ళి చేశారు.

ఆ ఏటి ఎండాకాలంలో మహారాజు మొగిలేరు మీదికి కదిలాడు. బాచయని కూడా వెంట తీసుకుపోయాడు, సాయంత్రాలు పొద్దుపోవాలి గదా.

పేరుకి రాజ్యమే కాని మొగిలేరు చిన్న ఊరే. గోడ కూడా మట్టిదే. కాని ఆ ఊరు పట్టు వదలలేదు. ఎండలు ముదిరాయి, ఏరు ఎండింది, నల్లకోట సైన్యంలో విరేచనాలు మొదలై గుర్రాలకన్నా ముందు మనుషులు చచ్చారు. ఊరు లొంగలేదు. ఏటిరేవు నుంచి సాయం వస్తుందని మొగిలేరువాళ్ళు గోడ మీద నుంచి తూర్పు దిక్కు చూసేవారు. ఏటిరేవు రాజు సాయం పంపలేదు. సమరాంకుశుడికి మాత్రం రెండు బళ్ళ చెరకు బెల్లం పంపి క్షేమం కనుక్కున్నాడు.

ఎండాకాలం ముగిసే ముందు ఏనుగులు గోడకి గండి కొట్టాయి. ఆ గండి దగ్గర జరిగిన పోరాటంలో మొగిలేరు యోధుల్లో ముప్పాతిక మంది పోయారు. పోయినవాళ్ళలో మొగిలేరు రాజూ, వాకిలి నాయకుడు పోతినాయకుడూ, అతని కొడుకూ ఉన్నారని వేగులవాళ్ళు చెప్పారు. బాచయ ఆ కబురు మహారాజు గుడారంలో, భోజనాల దగ్గర విన్నాడు. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అది చూసి మహారాజు, కూర బాగాలేదా అని అడిగాడు. ఉప్పు తగ్గింది ప్రభూ అన్నాడు బాచయ. మహారాజు వంటవాణ్ణి కొట్టించాడు.

మర్నాడు పొద్దున గుడారం ముందు కొలువు తీరింది. బిరుదులు చదవడం అయిపోయింది. మహారాజు కత్తి దూసి కళ్ళకద్దుకుని లేచాడు.

"ఇంత మట్టిగోడ, ఎండాకాలమంతా నా ముందు నిలబడింది," అన్నాడు. "పొన్నవరం ఇన్నాళ్ళు నిలబడలేదు. ఇక వినండి. రేపు సూర్యోదయానికి నేను ఆ ఊళ్ళో అడుగుపెడతాను. ఆ ఊళ్ళో నిలబడి ఉన్న మనిషిని ఒక్కణ్ణి కూడా ప్రాణంతో వదలను. మగా ఆడా, ముసలీ పసీ లేదు. ఇది సమరాంకుశుడి మాట."

ఆస్థాన పండితుడు నృకేసరిభట్టు ఆ మాటని అక్కడికక్కడే సంస్కృతంలోకి మార్చి రెండుసార్లు చదివాడు. రాతి మీద చెక్కించడానికి శిల్పిని పిలిపించారు. యుద్ధమర్యాద ప్రకారం ఆ ప్రతిజ్ఞని ఒకడు పోయి ఊరివాళ్ళకి వినిపించాలి. ఎవడు పోతాడని అడిగితే ఎవడూ కదల్లేదు. చావు కబురు తీసుకుపోయినవాణ్ణి చావబోయేవాళ్ళు ఊరికే వదలరు గదా.

బాచయ ఆ మాటని మనసులో పదేపదే అనుకుంటున్నాడు. నిలబడి ఉన్న మనిషి. అక్క గొంతే చెవిలో వినిపిస్తున్నట్టుంది, ఆలోచనంటూ ఏమీ సాగడం లేదు. అనుకోగా అనుకోగా ఆ మాట అరిగిపోయి, అర్థం పోయి, ఉత్త శబ్దం మిగిలింది. అప్పుడు అతనికి ఆ శబ్దం మధ్యలో ఒక సందు కనబడింది. మనిషి పట్టేంత సందు కాదు. అయినా అంతకన్నా ఇంకేమీ లేదు.

అతను ముందుకి వచ్చి, తనని పంపమని అడిగాడు. తాను చెబితే వాళ్ళు ఏడవాలో నవ్వాలో తేల్చుకోలేక చస్తారన్నాడు. చావు కబురు చెప్పడానికి విదూషకుణ్ణి పంపడం మహారాజుకి ఎంతో నచ్చింది. శత్రువుకి అంతకంటే అవమానం ఏముంటుందని పండితుడు కూడా మెచ్చుకున్నాడు.

మధ్యాహ్నం ఎండలో బాచయ గండి దాటి మొగిలేరులోకి వెళ్ళాడు.

వీధుల్లో కుక్కలు కూడా లేవు. బావుల దగ్గర తడిమట్టి గుడ్డల్లో మూటగట్టి పిండుకుంటున్నారు. అతని మెడలోని నల్లకోట పతకం చూసి ఒకడు రాయి విసిరాడు. నుదురు చిట్లింది. రెండో రాయి పడేలోపల ఒక ఆడమనిషి, ఆగండి, వాడు నా తమ్ముడు అంది.

కామసాని బాగా చిక్కిపోయింది. చంకలో మనవడున్నాడు, ఏడాది కూడా నిండని పసివాడు. వెనక కోడలు, బొట్టు లేని మొహంతో. బాచయ అక్క కాళ్ళ మీద పడబోయాడు. ఆవిడ వెనక్కి జరిగింది.

"ఏం చెప్పి రమ్మన్నాడు మీ రాజు?" అని అడిగింది.

మీ రాజు అన్న మాట రాయికన్నా గట్టిగా తగిలింది. బాచయ ప్రతిజ్ఞ ఉన్నదున్నట్టు చెప్పాడు. చుట్టూ చేరినవాళ్ళు విన్నారు. ఎవరూ గోల పెట్టలేదు. ఏడవడానికి ఒంట్లో నీళ్ళుండాలి.

అప్పుడు అతను గొంతు తగ్గించి తన ఉపాయం చెప్పాడు. రేపు రాజు వచ్చే వేళకి ఊళ్ళో ఒక్క మనిషి కూడా నిలబడి ఉండకూడదు. అందరూ వీధిలో నేల మీద కూర్చోవాలి. రాజుకి తన మాటంటే పిచ్చి. ఆ మాటకి కట్టుబడి మేనల్లుణ్ణే చంపాడు. అదే మాటకి కట్టుబడి మిమ్మల్ని వదలకా తప్పదు.

గండి దగ్గర చేయి తెగిన కోనయ అనే ముసలి యోధుడు ముందుకి వచ్చాడు. ఎండాకాలమంతా నిలబడ్డ ఊరు చివరి రోజున కూర్చుంటే, చచ్చినవాళ్ళు ఎందుకు చచ్చినట్టని అడిగాడు. చాలామంది అవునన్నారు. బాచయ అక్క వైపు చూశాడు.

కామసాని చంకలోని పసివాణ్ణి దించి నేల మీద కూర్చోబెట్టింది. వాడు ఒరగకుండా చేయి ఆన్చింది.

"నా మొగుడు నిలబడే పోయాడు. నా కొడుకూ అంతే," అంది. "వీడికి ఇంకా నిలబడటం రాదు. వచ్చేదాకానైనా బతకాలి. నేను కూర్చుంటాను. కోనయ బావా, నువ్వు కూర్చోలేకపోతే నేను తప్పు పట్టను."

ఆ మాటతో ఊరు ఒప్పుకుంది. సంతోషంగా ఒప్పుకోలేదు. మోకాళ్ళు వంగని ముసలివాళ్ళని పడుకోబెట్టాలని ఎవరో అన్నారు. చూలాలొకతె తాను గోడకి ఆనుకోవచ్చా అని అడిగింది. ఆనుకుంటే నిలబడ్డట్టు అవుతుందేమోనని వద్దన్నాడు బాచయ. ఇంత చిన్న సంగతుల్లో ప్రాణాలుండటం తలుచుకుంటే అతనికే ఒళ్ళు గగుర్పొడిచింది. వెళ్ళేముందు అక్కని ఏదో అడగబోయాడు. ఆవిడ, నుదుటి నెత్తురు తుడుచుకుని వెళ్ళు, మీ రాజు చూస్తే దిగులుపడతాడు అంది.

తెల్లారింది. సైన్యం గండి దగ్గరికి వచ్చేసరికి అక్కడ కోనయ ఉన్నాడు. అతని పక్కన ఇంకొందరు, కూర్చోవడం ఇష్టం లేనివాళ్ళు. ఒంటిచేత్తో బల్లెం పట్టుకుని కోనయ నిలబడే ఉన్నాడు. ఎక్కువసేపు పట్టలేదు. మహారాజు గుర్రం వాళ్ళ మీదుగానే లోపలికి నడిచింది.

పెద్దవీధి మలుపు తిరగగానే గుర్రం ఆగింది. వీధి ఈ చివరనుంచి ఆ చివరదాకా జనం నేల మీద కూర్చుని ఉన్నారు. తలలు వంచలేదు, చేతులు జోడించలేదు. ఊరికే కూర్చున్నారు. ముసలివాళ్ళు పడుకుని ఉన్నారు. వందల మంది ఉన్న ఆ వీధిలో పసివాళ్ళ ఊపిరి కూడా వినిపిస్తోంది.

బాచయ మహారాజు గుర్రం ముందుకి వచ్చి దండం పెట్టాడు.

"ఏమిటిది?" అన్నాడు మహారాజు. కత్తి ఇంకా చేతిలోనే ఉంది, దాని మీద కోనయ నెత్తురుంది.

"తమ ప్రతిజ్ఞ వినిపించాను ప్రభూ. నిలబడ్డవాళ్ళు గండి దగ్గర ఉన్నారు, తమరు చూసే వచ్చారు. ఇక్కడ నిలబడ్డవాళ్ళెవరూ లేరు."

వెనక సేనానులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మహారాజు కనుబొమలు ముడిపడ్డాయి. నృకేసరిభట్టు తన గుర్రాన్ని తోసుకుంటూ ముందుకి వచ్చాడు. ఇది ఉత్త మాటల గారడీ అన్నాడు. ఏలినవారి నోట నిలబడటమంటే ఎదిరించడమని అర్థమనీ, తానే స్వయంగా సంస్కృతంలో అలా రాశాననీ చెప్పాడు.

"అయితే మరీ మంచిది అయ్యవారూ," అన్నాడు బాచయ. "వీళ్ళలో ఎదిరిస్తున్నది ఎవరో ఒక్కరిని చూపించండి. కాళ్ళ లెక్కన చూసినా నిలబడ్డవాడు లేడు, తమ సంస్కృతం లెక్కన చూసినా లేడు."

పండితుడు వీధి వెంట చూశాడు. అతని చూపు తగిలిన చోటల్లా ఎండిపోయిన పెదవులూ, నేలకానిన చేతులూ కనబడ్డాయి. కాసేపు గడ్డం సవరించుకున్నాడు. తరవాత మహారాజు చెవి దగ్గరికి వంగి ఏదో చెప్పాడు. మహారాజు మొహం విప్పారింది.

ఆయన గుర్రం మీద నిటారుగా కూర్చుని, వీధంతా వినబడేలా, "లేవండి!" అన్నాడు.

ఇది బాచయ అనుకోలేదు. లేస్తే ప్రతిజ్ఞ ప్రకారం చావు. లేవకపోతే ఆజ్ఞ మీరినందుకు చావు. ముందు వరసలో ఒక ముసలాయన అలవాటు కొద్దీ చేతులు నేలకి ఆన్చి లేవబోయాడు. పక్కనున్న కామసాని ఆయన పంచె పట్టుకుని కిందికి లాగింది. ఆవిడ రాజు వైపు చూడలేదు. తమ్ముడి వైపు చూసింది. ఆ చూపులో నమ్మకమూ లేదు, నింద కూడా లేదు. చూసింది, అంతే.

బాచయకి జీవితమంతా ఏ మాటైనా అడక్కుండానే నాలుక మీదికి వచ్చేది. ఇప్పుడు దాన్ని వెతుక్కోవలసి వచ్చింది.

"ప్రభూ, ఒక్క మనవి. ఆ తరవాత తమ చిత్తం," అన్నాడు. "ఇంతవరకూ తమ బిరుదులన్నీ శత్రువుల్ని కూలదోసినవే. పొన్నవరాన్ని కూల్చిన సమరాంకుశుడు, గోనెగిరిని కూల్చిన సమరాంకుశుడు. ఇవాళ తమ ఆజ్ఞతో వీళ్ళు లేచారనుకోండి. రేపు కొలువులో ఏమని చదవాలి? మొగిలేరుని నిలబెట్టిన సమరాంకుశుడు అనా?"

ఒక సేనాని ముక్కుతో నవ్వి, వెంటనే నోరు మూసుకున్నాడు.

"శత్రువుని నిలబెట్టిన రాజు ఈ భూమి మీద ఇంతవరకూ లేడు ప్రభూ. తమరు నిలబెట్టుకోవలసింది మాటని. మనుషుల్ని కాదు."

మహారాజు కత్తి వైపు చూసుకున్నాడు. వీధి వైపు చూశాడు. ఆయన మీసం మొదట ఒకవైపు కదిలింది, తరవాత రెండోవైపు. ఆ పైన ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. గుర్రం మీద ముందుకి వంగి, దాని మెడ పట్టుకుని నవ్వాడు. మాటని, మనుషుల్ని కాదు, అని మళ్ళీ మళ్ళీ అనుకుంటూ నవ్వాడు. సేనానులు నవ్వారు, సైనికులు నవ్వారు. వెనక ఉన్నవాళ్ళకి మాట వినబడలేదు, అయినా ముందువాళ్ళని చూసి నవ్వారు. కూర్చున్న జనంలో మాత్రం ఎవరూ నవ్వలేదు.

నృకేసరిభట్టుకి ఆ నవ్వు కారం పూసినట్టయింది. నవ్వు కాస్త తగ్గాక వేలు చాపి, మరి వీడి సంగతేమిటి, ఈ ఊళ్ళో వీడొక్కడూ నిలబడే ఉన్నాడు గదా అన్నాడు.

నవ్వులన్నీ ఆగిపోయాయి. నిజమే. వీధి మధ్యలో బాచయ నిలబడి ఉన్నాడు. అందరినీ కూర్చోబెట్టే హడావుడిలో తన కాళ్ళ సంగతి అతనికి తట్టనే లేదు.

ఇప్పుడు కూర్చుని లాభం లేదు. కూర్చోవాలని కూడా అనిపించలేదు. ఎండ కళ్ళల్లో పడుతోంది. అతనికి ఒక్కసారిగా విపరీతమైన అలసట వచ్చింది.

"నేను నిలబడి లేను అయ్యవారూ," అన్నాడు. "నేను పొన్నవరంలోనే పడిపోయాను. మీకు కనబడుతున్నది మహారాజుగారు అక్కణ్ణుంచి తెచ్చుకున్న సామాను."

అది అతను నవ్వించడానికి అనలేదు. ఉన్నమాట అన్నాడు. మహారాజు ముందటికన్నా పెద్దగా నవ్వాడు. కళ్ళు తుడుచుకున్నాడు. కత్తిని ఒక సైనికుడి పంచెకి తుడిచి ఒరలో పెట్టాడు. మెడలోని పచ్చల హారం తీసి బాచయ మెడలో వేశాడు.

"బాచయా, నాకు నువ్వు చేసిన మేలు ఎవడూ చెయ్యలేదు," అన్నాడు. "మాట దక్కింది, పూటా సరదాగా గడిచింది. ఈ ఊరు నీకు మాన్యంగా ఇస్తున్నాను. చేలూ చెరువులూ, ఇదిగో ఇక్కడ కూర్చున్న ఈ జనం, అందరూ నీవాళ్ళు. నీ బానిసలు. వీళ్ళని ఎప్పటికీ ఇలాగే ఉంచు."

రాజధానిలో ఈ కథ చెప్పేవాళ్ళు ఇక్కడే ఆపుతారు. రాజు నవ్వాడు, విదూషకుడికి ఊరు దక్కింది, పండితుడి మొహం మాడిపోయింది అని ముగిస్తారు. వినేవాళ్ళు కూడా నవ్వుకుంటూ లేచిపోతారు. జరిగింది మాత్రం ఇంకా ఉంది.

మహారాజు గుడారానికి వెళ్ళిపోయాడు. సైనికులు మిగిలిన గోడని పడగొట్టడానికి పోయారు. వీధిలో బాచయా, ఆ జనమూ మిగిలారు. నీళ్ళ బళ్ళు రప్పించాలని అతను ఇద్దరు సైనికులని పంపాడు. అతను చెప్పగానే వాళ్ళు వెళ్ళారు, మాన్యందారు గదా. తరవాత జనం వైపు తిరిగి, ఇక భయం లేదు, లేవండి అన్నాడు.

ఎవరూ లేవలేదు.

రాజు వెళ్ళిపోయాడు, లేవండని మళ్ళీ చెప్పాడు. వాళ్ళు అతని మెడలోని హారం వైపు చూస్తూ కూర్చున్నారు. ఇందాక రాజు వైపు ఎలా చూశారో ఇప్పుడు తన వైపు అలాగే చూస్తున్నారని అతనికి అర్థమైంది. అతను అక్క ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"అక్కా, లే. నువ్వు లేస్తే వాళ్ళూ లేస్తారు."

కామసాని పసివాడి మూతికి అంటిన మట్టి తుడుస్తోంది. "ఆజ్ఞా, అడుగుతున్నావా?" అంది.

"అడుగుతున్నానక్కా."

"అడుగుతున్నట్టయితే ఇంకాసేపు కూర్చుంటాను," అంది ఆవిడ.

నీళ్ళ బళ్ళు వచ్చినప్పుడు లేచారు. ఒక్కొక్కరే లేచి, అతన్ని చుట్టి నడిచిపోయారు. కోడలు పసివాడికి దోసిట్లో నీళ్ళు పట్టింది. మొగిలేరు బతికింది, అది నిజం. బాచయ దస్తావేజు రాయించి అందరినీ బానిసత్వం నుంచి విడిపిస్తానన్నాడు. మాన్యంగా ఇచ్చిన మనుషుల్ని విడిపిస్తే అది మహారాజు ఇచ్చిన బహుమతిని తిరగ్గొట్టినట్టవుతుందని, దానికి శిక్షేమిటో తెలుసా అని నృకేసరిభట్టు కబురు పంపాడు. ఆ శిక్ష ఒక్క బాచయకే పడదట. అతను ఆ ప్రయత్నం మానుకున్నాడు. అక్క ఇంటికి రెండుసార్లు వెళ్ళాడు. ఆవిడ మంచినీళ్ళిచ్చింది. అయ్యా అని పిలిచింది.

మొగిలేరు కథ దేశమంతా పాకింది. బిడారులతో పాటు నడిచి ఏటిరేవుకీ చేరింది. బెల్లం పంపిన ఏటిరేవు రాజుకి ఆ కథ బాగా నచ్చిందట. యుద్ధానికి పెట్టే ఖర్చంతా వృథా అనీ, సమరాంకుశుడు సరసుడనీ, కూర్చున్నవాణ్ణి ఏమీ చేయడనీ కొలువులో చెప్పి, సైన్యంలో సగంమందిని ఇళ్ళకి పంపేశాడు.

వానలు తగ్గాక నల్లకోట సైన్యం ఏటిరేవు మీదికి కదిలింది. బాచయ ముందు వరసలో, మహారాజు గుర్రానికి ఎడమపక్కన ఉన్నాడు. అప్పటికి అతనికి ఆ చోటు స్థిరపడిపోయింది.

ఏటిరేవు కోట తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల రాజవీధి పొడుగునా ముగ్గులు వేశారు. ముగ్గుల వెనక, రెండు పక్కలా, అరుగుల మీదా వాకిళ్ళలోనూ జనం కూర్చుని ఉన్నారు. పట్టుబట్టలు కట్టుకున్నారు. పిల్లల్ని ఒళ్ళో పెట్టుకున్నారు. వాళ్ళ రాజు నట్టనడుమ చాప మీద కూర్చుని, నవ్వు మొహంతో వీళ్ళకేసి చూస్తున్నాడు. కొందరు పిల్లలు మెడలోని పచ్చల హారం చూసి బాచయని గుర్తుపట్టి వేలెత్తి చూపించారు.

మహారాజు గుర్రాన్ని ఆపాడు.

"వీళ్ళకి నేను మాటేమీ ఇచ్చినట్టు గుర్తు లేదే," అన్నాడు నెమ్మదిగా.

నిజమే. ఏటిరేవు గురించి ఆయన ఏ ప్రతిజ్ఞా చేయలేదు. చేయవలసినంత పని ఆ ఊరు పెట్టలేదు.

సేనానులు ఆజ్ఞ కోసం చూస్తున్నారు. మహారాజు మాత్రం బాచయ వైపు తిరిగాడు. ఆ మొహంలో కోపం లేదు. కథ మొదలవుతుందని ఎదురుచూసేవాడి ఆసక్తి ఉంది. ఒక మంచి మాట పడితే ఈ పూట కూడా నవ్వి వెళ్ళిపోయేలాగే ఉన్నాడు.

బాచయ నోరు తెరిచాడు. వీధి పొడుగునా కూర్చున్నవాళ్ళని చూశాడు, ముగ్గుల్ని చూశాడు, తననే చూస్తున్న పిల్లల్ని చూశాడు. ఏదో ఒకటి అనాలి. ఏదైనా సరే. ఎంత వెతికినా నవ్వొచ్చే మాట ఒక్కటీ తగల్లేదు.

మహారాజు చాలాసేపే ఆగాడు. ఆయన గుర్రం నేలని గిట్టతో గీరింది. ఆ తరవాత ఆయన కాస్త నిరుత్సాహంగా మొహం తిప్పుకుని, చేయి పైకెత్తాడు.